ఐల్ ఆఫ్ వైట్ సంగీతోత్సవానికి వెళ్ళేవారు ముందుగా కొనవలసింది ఓడ టికెట్టు

లెస్టర్‌లో ఎం.ఎస్. చదువుతున్న మీరు, మీ ముగ్గురు స్నేహితులతో కలిసి జూన్‌లో జరిగే ఐల్ ఆఫ్ వైట్ ఉత్సవానికి వెళ్ళాలనుకుంటున్నామని చెప్పి నాలుగు ప్రశ్నలు వేశారు. కారు అద్దెకు తీసుకోవడం మేలా, రైల్లో వెళ్ళడం మేలా? టెంటు వేసుకుని ఉండాలా, దక్షిణ తీరంలోని రేవు పట్టణం పోర్ట్స్‌మత్‌లో గది తీసుకుని రోజూ వెళ్ళి రావచ్చా? టికెట్టు ఖర్చు తప్పించుకోవడానికి అక్కడే స్టీవార్డులుగా, అంటే జనానికి దారి చూపే సహాయకులుగా, పని చేయవచ్చా? 1970లో లక్షలాది మంది వచ్చారని చెప్పుకునే ఉత్సవం ఇదేనా? నేను పోర్ట్స్‌మత్‌లో పదహారేళ్ళుగా ఉంటున్నాను. మధ్యలో రెండు మూడేళ్ళు తప్పిస్తే దాదాపు ప్రతి వేసవిలోనూ ఈ ఉత్సవానికి వెళ్ళాను, అందులో రెండుసార్లు స్టీవార్డుగా పని చేశాను. మీ ప్రశ్నలు నాలుగైనా వాటన్నింటికీ జవాబు ఒకే చోట మొదలవుతుంది కనుక ముందు దాని గురించి చెబుతాను.

ఐల్ ఆఫ్ వైట్‌కు వంతెన లేదు, సొరంగమూ లేదు. సుమారు 380 చదరపు కిలోమీటర్ల దీవి, లక్షా నలభై వేల జనాభా. ఇంగ్లాండు దక్షిణ తీరానికీ దీనికీ మధ్య సోలెంట్ అనే జలసంధి ఉంది. ఉత్సవానికి వచ్చే యాభై వేల మంది, వారి గుడారాలు, గాయకుల వాయిద్యాలు, వేదికను నిలబెట్టే ఇనుప చట్రాలు, బీరు పీపాలతో సహా అన్నీ పడవ ఎక్కే రావాలి. మాది నరసాపురం. అంతర్వేది తీర్థం రోజుల్లో సఖినేటిపల్లి వెళ్ళే పంటు కోసం, అంటే గోదావరి దాటించే పెద్ద పడవ కోసం, మా రేవులో నిలబడిన జనాన్ని చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. మీ స్నేహితుల్లో గోదావరి జిల్లాలవారు ఉంటే వారిని అడగండి. తీర్థానికి టికెట్టు లేకపోయినా ఫరవాలేదు కానీ, పంటు మీద చోటు లేకపోతే దేవుడు కనిపించడు. ఇక్కడ ఉత్సవం టికెట్టు రెండు వందల పౌండ్ల పైమాటే, అది చేతిలో ఉన్నా ఓడలో చోటు దొరకక గురువారం మధ్యాహ్నమంతా రేవులో గడిపినవారిని నేను ప్రతి ఏడూ చూస్తున్నాను. అందుచేత తేదీలు ప్రకటించిన వెంటనే ముందు ఓడలో చోటు, అందులోనూ తిరుగు ప్రయాణపు చోటు చూసుకుని, ఉత్సవం టికెట్టు ఆ తర్వాత కొనండి. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు. ఓడ ఛార్జీలు విమాన ఛార్జీల్లాగా గిరాకీని బట్టి పెరుగుతాయి కనుక, ఆలస్యమైనకొద్దీ గంట సేపు కూడా లేని ప్రయాణానికి మీరు పెట్టే డబ్బు చూసి మీకే ఆశ్చర్యం వేస్తుంది.

ఇక కారా, రైలా అన్న ప్రశ్న. కారు వద్దని నా సలహా. దీనికి కారణం చెప్పాలంటే 2012 గురించి చెప్పాలి. ఆ ఏడు జూన్ నెలలో కుండపోతగా వానలు పడ్డాయి. ఉత్సవం మొదలయ్యే గురువారం నాటికి పార్కింగుకు ఇచ్చిన పొలాలు బురదగుంటలయ్యాయి. పొలంలోకి దిగిన కారు దిగినచోటే కూరుకుపోతోంది, ట్రాక్టర్లు ఒక్కొక్కదాన్నే లాగుతున్నాయి, లోపలికి పోలేని కార్లు రోడ్ల మీద బారులు తీరాయి. రోడ్డు ఖాళీ లేకపోవడంతో రేవు ఖాళీ కాలేదు, రేవు ఖాళీ లేకపోవడంతో ఓడలు కార్లను దింపలేకపోయాయి. వందలాది మంది ఆ రాత్రి ఓడల్లోనే గడిపారు. వారిలో నేనూ ఒకణ్ణి. కనుచూపు మేరలో దీవి దీపాలు కనిపిస్తున్నాయి, కానీ దిగడానికి లేదు. దుప్పట్లు, జంపఖానా, మార్చుకునే బట్టలు అన్నీ కింది అంతస్తులో కారులో ఉన్నాయి. ఓడ నడిచేటప్పుడు ఆ అంతస్తుకు వెళ్ళనివ్వరు, ఆ రాత్రి కూడా చాలాసేపు వెళ్ళనివ్వలేదు. మా చేతిలో ఉన్నది ఒక పులిహోర డబ్బా మాత్రమే. పక్క బల్ల దగ్గర ఇద్దరు పిల్లలతో ఉన్న కుటుంబానికి కూడా కాగితపు కప్పుల్లో పెట్టాము. పెద్ద పిల్లవాడు కరివేపాకును ఏరి బల్ల అంచున వరుసగా పేర్చాడు. తెల్లవారి దిగేసరికి నా మెడ పట్టేసింది. నాకు మొదటి పాట వినపడింది శుక్రవారం సాయంత్రం. ఆ తర్వాతి సంవత్సరాల్లో అంత ఘోరం మళ్ళీ జరగలేదు, కానీ నేను మళ్ళీ కారు తీసుకుపోలేదు.

ఆ బురదకు వాన ఒక్కటే కారణం కాదు, నేల కూడా కారణం. దీవి నడుమ తూర్పు పడమరలుగా సుద్ద కొండల వరుస ఒకటి సాగుతుంది. దానికి ఉత్తరాన ఉన్న భూమి చాలావరకు బంకమన్ను. ఇప్పటి ఉత్సవం జరిగే సీక్లోజ్ పార్కు ఈ ఉత్తర భాగంలో, న్యూపోర్ట్ పట్టణం పక్కన, మెడీనా నది ఒడ్డున ఉంది. మన రేగడి చేలల్లో తొలకరికి నడిచినవారికి చెప్పు కింద చెప్పు మందాన మన్ను అంటుకోవడం ఎలా ఉంటుందో తెలుసు, ఇక్కడా అంతే. మీరు ఎంత ఎండ కాస్తుందని చదివినా సరే, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు తీసుకువెళ్ళండి. టెంటు వేసేటప్పుడు నది వైపు దిగే పల్లపు చోట్లు వదిలి, వాలు పైభాగంలో, దారికి కొంచెం దూరంగా వేసుకోండి. నీటి కొళాయి పక్కన చోటు దొరికితే అదృష్టమని మొదటిసారి నేనూ అనుకున్నాను. రెండో రోజుకల్లా ఆ కొళాయి చుట్టూ మడి తయారైంది.

మరి కారు లేకుండా ఎలా వెళ్ళాలి? లెస్టర్ నుంచి లండన్ సెయింట్ పాంక్రాస్‌కు, అక్కడి నుంచి వాటర్లూకు మారి, వాటర్లూలో పోర్ట్స్‌మత్ హార్బర్ రైలు ఎక్కండి. చివరి స్టేషన్‌లో దిగితే ఓడ రేవు స్టేషన్‌కు ఆనుకునే ఉంటుంది, సామాను మోసుకుని రోడ్డు దాటే పని కూడా లేదు. అక్కడి నుంచి దీవిలోని రైడ్ పట్టణానికి క్యాటమరాన్ అనే జంట పడవ ఇరవై రెండు నిమిషాల్లో చేరుస్తుంది. పోర్ట్స్‌మత్‌లోనే ఉన్న సౌత్‌సీ తీరం నుంచి రైడ్‌కు, గాలి మెత్త మీద తేలుతూ పోయే హోవర్‌క్రాఫ్ట్ పది నిమిషాల్లో వెళుతుంది. ఏడాది పొడవునా ప్రయాణికులను చేరవేసే హోవర్‌క్రాఫ్ట్ సర్వీసులు ప్రపంచంలో చాలా అరుదు. రైడ్ దగ్గర ఆటు వచ్చినప్పుడు సముద్రం చాలా దూరం వెనక్కి పోయి ఇసుక తిన్నెలు బయటపడతాయి. మామూలు పడవ ఒడ్డుకు రాలేదు కనుకనే 1814లో అక్కడ సముద్రంలోకి చాలా దూరం వంతెనలాంటి పియర్ కట్టారు. హోవర్‌క్రాఫ్ట్‌కు నీళ్ళైనా ఇసుకైనా ఒకటే కనుక నేరుగా ఒడ్డు మీదికే ఎక్కి కూర్చుంటుంది. ఒక్కసారైనా ఎక్కండి. అయితే అలలు ఎక్కువగా ఉంటే ముందు ఆగిపోయేది అదే, కాబట్టి తిరుగు ప్రయాణంలో రైలు గాని విమానం గాని అందుకోవలసి ఉంటే దానిమీద ఆధారపడకండి. పడమటి నుంచి వచ్చేవారికి సౌతాంప్టన్ నుంచి కౌస్‌కు, లిమింగ్టన్ నుంచి యార్మత్‌కు కూడా ఓడలు ఉన్నాయి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. రైడ్ పియర్ చివర ఓడ దిగగానే ఎదురుగా రైలు కనిపిస్తుంది, అది న్యూపోర్ట్ వెళుతుందనుకుని ఎక్కేస్తారు. న్యూపోర్ట్‌కు రైలు మార్గం 1966లోనే మూసివేశారు, ఈ రైలు దక్షిణాన శాంక్లిన్‌కు పోతుంది. లండన్ భూగర్భ రైళ్ళలో పాతబడిన పెట్టెలనే మార్చి ఇక్కడ నడుపుతున్నారు కనుక ఎక్కడానికి సరదాగానే ఉంటుంది, కానీ మీకు కావలసింది ఒక్క స్టేషన్ దూరమే. ఎస్‌ప్లనేడ్‌లో దిగి బస్సు అందుకోండి. ఉత్సవం రోజుల్లో రేవుల నుంచి ప్రత్యేక బస్సులు వేస్తారు. మామూలు రోజుల్లో తొమ్మిదో నంబరు బస్సు వూటన్ ఊరి మీదుగా అరగంటలో న్యూపోర్ట్ చేరుతుంది, సీక్లోజ్ పార్కు దారిలోనే తగులుతుంది.

ఆ వూటన్ పేరు చెప్పాను కనుక 1970 నాటి ఉత్సవం ఇదేనా అన్న మీ నాలుగో ప్రశ్న ఇక్కడే తీసుకుంటాను. అవును, అదే ఉత్సవం. కాదు, అది వేరు. రెండూ నిజమే. మొదటి ఉత్సవం 1968 ఆగస్టు 31 రాత్రి, గాడ్‌షిల్ దగ్గర ఒక పొలంలో జరిగింది. దీవిలో లోపలి ఈతకొలను కట్టించడానికి చందాలు వసూలు చేస్తున్న సంఘం కోసం, ఫౌక్ కుటుంబపు అన్నదమ్ములు తలపెట్టిన కార్యక్రమం అది. పదివేల మంది దాకా వచ్చారు. మరుసటి ఏడు వూటన్‌లో అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ పాడారు. మోటారు సైకిలు ప్రమాదం తర్వాత మూడేళ్ళుగా పెద్ద కచేరీలకు దూరంగా ఉన్న మనిషి ఈ చిన్న దీవికి వస్తున్నాడని తెలిసి లక్షకు పైగా జనం కదిలారు, వారిలో బీటిల్స్ బృందంలోని ముగ్గురు కూడా ఉన్నారు. 1970లో పడమటి కొసన, ఆఫ్టన్ అనే కొండ కింద మూడో ఉత్సవం జరిగింది. జిమీ హెండ్రిక్స్, ది హూ, ది డోర్స్, జోనీ మిచెల్, మైల్స్ డేవిస్, లెనార్డ్ కోహెన్ అందరూ ఒకే వేదిక మీద పాడారు. టికెట్టు 3 పౌండ్లు. పక్కనే ఉన్న కొండ వాలు మీద కూర్చుంటే వేదిక ఉచితంగా కనిపించేది కనుక టికెట్టు కొననివారు అక్కడ కాపురం పెట్టారు. చివరకు కంచె కూలింది, ప్రవేశం ఉచితమని ప్రకటించక తప్పలేదు, నిర్వాహకులు అప్పుల పాలయ్యారు. హెండ్రిక్స్ ఆ తర్వాత మూడు వారాలు కూడా గడవకముందే, సెప్టెంబరు 18న లండన్‌లో చనిపోయారు.

ఆ ఏడాది ఆరు లక్షల మంది వచ్చారని ప్రతిచోటా రాస్తారు. నేను ఆ అంకెను అనుమానంతోనే చూస్తాను. అప్పటి దీవి జనాభా లక్ష పైచిలుకు మాత్రమే, ఇప్పటికంటే చిన్నవైన ఆనాటి ఓడలు కొద్ది రోజుల్లో అంతమందిని ఎలా దాటించగలవన్నది ఈ రేవు పక్కన బతికే నాలాంటివాడికి రావలసిన ప్రశ్నే. ఎంతమంది వచ్చినా దీవివాసులు తట్టుకోలేనంత మంది వచ్చారన్నది మాత్రం వాస్తవం. 1971లో పార్లమెంటు ఈ దీవికి ప్రత్యేకించి ఒక చట్టం చేసి, ఐదు వేలకు మించిన జనం రాత్రిపూట ఆరుబయట గుమికూడాలంటే ముందుగా లైసెన్సు తీసుకోవాలని నిర్ణయించింది. దానితో ముప్పై రెండేళ్ళు ఉత్సవం లేదు. 2002లో జాన్ గిడింగ్స్ అనే నిర్వాహకుడి ఆధ్వర్యంలో, సీక్లోజ్ పార్కులో, మొదట ఒక్కరోజు కచేరీగా తిరిగి మొదలైంది. 2004లో డేవిడ్ బౌవీ, 2007లో రోలింగ్ స్టోన్స్, 2010లో పాల్ మెక్‌కార్ట్నీ పాడారు. 2020లో కోవిడ్ వల్ల రద్దయి, 2021లో సెప్టెంబరుకు జరిగి, మళ్ళీ జూన్‌కు వచ్చింది. కాబట్టి 1970 నాటి తిరుగుబాటు వాతావరణాన్ని ఆశించి వెళితే నిరాశపడతారు. ఇప్పుడు పిల్లల్ని తోపుడు బండ్లలో కూర్చోబెట్టుకుని, వారి చెవులకు పెద్ద పెద్ద రక్షణ తొడుగులు పెట్టి వచ్చే కుటుంబాలు చాలా ఉంటాయి. నా మట్టుకు నాకు ఇదే నచ్చుతుంది. మా అమ్మను కూడా ఒకసారి తీసుకువెళ్ళాను, డ్రమ్ముల మోత కంటే చలే ఎక్కువగా ఉందన్నది.

ఆమె అన్నది మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే టెంటా, గదా అన్న మీ రెండో ప్రశ్న దాని మీదే ఆధారపడి ఉంది. ఇక్కడి జూన్‌ను వేసవి అంటారు కానీ పగలు ఇరవై డిగ్రీలు దాటితే బాగా ఎండ కాసినట్టు లెక్క, రాత్రి పది పన్నెండు డిగ్రీలకు పడిపోతుంది. నదీ తీరం కనుక తెల్లవారుజామున టెంటు లోపలి గుడ్డంతా మంచుతో తడుస్తుంది, ఆ తడి గుడ్డకు మీ పక్క తగలకూడదు. సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో అవుతుంది కాబట్టి అప్పటిదాకా తెలియదు, చివరి గాయకులు వేదికెక్కేసరికి ఒక్కసారిగా వణుకు మొదలవుతుంది. నేల నుంచి వచ్చే చలిని ఆపడానికి స్లీపింగ్ బ్యాగు కింద పరిచే మందపాటి చాప, ఒక ఉన్ని టోపీ తప్పనిసరి. ఇంత చెప్పాక కూడా నేను టెంటే వేసుకోమంటాను. ప్రధాన వేదిక మీద చివరి కచేరీ పదకొండు గంటల ప్రాంతంలో ముగుస్తుంది. అప్పుడు బస్సు కోసం వరుసలో నిలబడి, రైడ్ చేరి, అటువైపు వెళ్ళే ఓడ పట్టుకోవాలంటే, చివరి నాలుగు పాటలు వదులుకుని పరుగెత్తాలి. మీరు వందల పౌండ్లు పోసి కొన్నది ఆ నాలుగు పాటలనే. కార్లు ఎక్కించే పెద్ద ఓడలు రాత్రివేళ కూడా కొన్ని నడుస్తాయి, నడిచి వచ్చేవారిని కూడా ఎక్కించుకుంటాయి. ఒక్కరోజు టికెట్టుతో వచ్చేవారికి అది పనికొచ్చే దారి, కానీ నాలుగు రోజులు వరుసగా అలా తిరిగితే మిగిలేది నిద్రలేమి మాత్రమే.

గురువారం మధ్యాహ్నానికల్లా చేరితే టెంటుకు మంచి చోటు దొరుకుతుంది, ఆ రాత్రి పెద్ద గుడారపు వేదికలో కచేరీలు కూడా ఉంటాయి. తిండి లోపల ఖరీదు, పది పౌండ్లకు తక్కువలో కడుపు నిండడం కష్టం. న్యూపోర్ట్ ఊళ్ళోకి పావుగంట నడిస్తే మామూలు దుకాణాలు ఉన్నాయి కనుక పొద్దుటి పూట రొట్టె, పండ్లు, పెరుగు అక్కడ తెచ్చుకోండి. ఇంటి నుంచి ఏమైనా తెస్తే గాజు సీసాల్లో తేవద్దు. మా మిత్రుడొకడు వాళ్ళ అత్తగారు పంపిన ఆవకాయను సీసాతో సహా గేటు దగ్గర వదులుకుని మూడు రోజులూ ఆ దిగులుతోనే ఉన్నాడు. స్పీకర్లకు దగ్గరగా నిలబడేట్టయితే చెవుల్లో పెట్టుకునే మెత్తని బిరడాలు మర్చిపోకండి. సాయంత్రమయ్యేసరికి ఫోన్ సిగ్నల్ అందక నలుగురూ విడిపోతారు, కాబట్టి ఫలానా జెండా కింద అని ఒక చోటు ముందే అనుకోండి.

గుర్తింపు కార్డు సంగతి విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పాలి. పాతికేళ్ళ లోపువారిలా కనిపిస్తే మద్యం అమ్మేచోట వయసు రుజువు అడుగుతారు. మన భారతీయ డ్రైవింగ్ లైసెన్సును, ఫోన్‌లో ఉన్న పాస్‌పోర్టు ఫోటోను చాలామంది ఒప్పుకోరు. వీసా వివరాలు ఇప్పుడు కార్డు మీద కాక ఆన్‌లైన్‌లో ఉంటున్నాయి కనుక అవీ అక్కరకు రావు. అసలు పాస్‌పోర్టును బురద పొలంలో జేబులో పెట్టుకుని తిరగడం కంటే, పాస్ అనే హోలోగ్రాం ముద్ర ఉన్న వయసు ధ్రువీకరణ కార్డుకు ముందే దరఖాస్తు చేసుకోవడం మంచిది.

స్టీవార్డు పని గురించి అడిగారు. ఇది చూడడానికి సులువుగా ఉంటుంది, మీ వీసాకు మాత్రం జాగ్రత్త అవసరం. మీరు ఎం.ఎస్. విద్యార్థులు కనుక జూన్ మీకు సెలవు కాదు, డిసర్టేషన్ అనే పరిశోధన వ్యాసం రాసే కాలం. మీ కోర్సులో వేసవిని కూడా చదువు కాలంగానే లెక్కిస్తే స్టూడెంట్ వీసా మీద పని చేయడానికి ఉన్న వారానికి ఇరవై గంటల పరిమితి అప్పుడూ వర్తిస్తుంది. జీతం ఇవ్వకుండా కేవలం టికెట్టు ఇచ్చినంత మాత్రాన అది పని కాకుండా పోదు. నిర్ణీత గంటలు, విధులు ఉంటే దాన్ని జీతం లేని ఉద్యోగంగా చూసి ఆ ఇరవై గంటల్లోనే కలపవచ్చు. మరింత ప్రమాదకరమైనది మరొకటి ఉంది. కొందరు కాంట్రాక్టర్లు స్టీవార్డులను స్వయం ఉపాధి పొందుతున్నవారిగా చూపిస్తారు, స్టూడెంట్ వీసా మీద అది పూర్తిగా నిషిద్ధం. కాగితం మీద సంతకం పెట్టే ముందు మీ యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల విభాగానికి ఆ కాగితం చూపించి లిఖితపూర్వకంగా జవాబు తీసుకోండి. సంచులు తనిఖీ చేసే భద్రతా సిబ్బంది పని అయితే దానికి వేరే లైసెన్సు ఉండాలి, మీరు దాని జోలికి పోవద్దు. ఇవన్నీ సరిపోయినా, నేను చేసిన రెండు ఏళ్ళలో ఒకసారి నా షిఫ్టు శనివారం రాత్రి కార్ల పార్కింగు దగ్గర పడింది. నేను వినాలనుకున్న పాటలన్నీ రోడ్డవతల నుంచి, గాలి అటు వీచినప్పుడల్లా కొంచెం కొంచెంగా విన్నాను. పాటల కోసమే వెళ్ళేవారు టికెట్టు కొనుక్కోవడమే మేలు.

తిరుగు ప్రయాణానికి సోమవారం పొద్దున్నే మొదటి ఓడ తీసుకోకండి. అందరూ అదే తీసుకుంటారు, బస్సుల వరుస న్యూపోర్ట్ దాకా పాకుతుంది. మధ్యాహ్నం రెండు తర్వాతి ఓడలో చోటు తీసుకుంటే టెంటు ఆరబెట్టుకుని మడవడానికి వ్యవధి దొరుకుతుంది. ఆ మధ్యలో రెండు మూడు గంటలు చేతిలో ఉంటే ఈస్ట్ కౌస్‌లోని ఆస్బోర్న్ హౌస్ చూడండి. 1901 జనవరిలో విక్టోరియా రాణి చనిపోయింది ఆ ఇంట్లోనే. అందులో దర్బారు గది అని ఒకటి ఉంది, దాని నగిషీకి రూపకల్పన చేసినవాడు లాహోర్ నుంచి వచ్చిన భాయ్ రామ్‌సింగ్ అనే శిల్పి. తెల్లని గచ్చుపనిలో నెమలి పురి విప్పి ఉంటుంది, పొయ్యి పైభాగం చూడండి. అయితే బురద టెంటుతో, వీపు మీద పెద్ద సంచులతో అక్కడికి వెళ్ళడం కుదరదు. నలుగురిలో ఇద్దరు సామానుతో రైడ్ ఎస్‌ప్లనేడ్‌లో కూర్చుని, వంతులవారీగా వెళ్ళి రావలసి ఉంటుంది. రైడ్ నుంచి ఈస్ట్ కౌస్‌కు నాలుగో నంబరు బస్సు వెళుతుంది.